పసిబిడ్డకు పసిబిడ్డ మోతాదు

ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము



పాటలు, కోలాటాల మధ్య ఆసుపత్రి మాట ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చును. పండుగనాడు మన కుటుంబాలన్నీ ఒకచోట చేరుతాయి. ఇంటింటికీ చేరవలసిన మాట చెప్పడానికి ఇంతకన్న మంచి సమయం దొరకదు. మేము వైద్యులము కాము. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంకాలం తెలుగు నేర్చుకొని, నేర్చుకున్నది మరొకరికి నేర్పుతూ వచ్చినవాళ్ళము. పిల్లల మధ్యనే మా వయస్సు అరవై దాటింది. కాబట్టి పిల్లలకు సంబంధించిన మాట ఒకటి మనవి చేసుకుంటున్నాము. పిల్లలకు సి.టి. స్కాన్ తీసేటప్పుడు కిరణాల మోతాదు తగ్గించడం గురించి మా ప్రసంగం.

మోతాదు అన్న మాట తెలియని ఇల్లు లేదు. బిడ్డకు జ్వరం వస్తే మందుసీసా మీద ఏమి వ్రాసి ఉన్నదో చూస్తాము. ఎంత వయస్సు, ఎంత బరువు అని లెక్క చూసి చిన్న చెంచాతో పోస్తాము. తండ్రి మింగే మాత్రను రెండేళ్ళ బిడ్డ నోట్లో వేసే తల్లి ఎక్కడా ఉండదు. నలుగురికి వండే కూరలో వేసే ఉప్పు ఒక్కరికి వండే కూరలో ఎవరూ వేయరు. ఎక్స్‌రే కిరణాలకు కూడ ఇదే న్యాయం. అయితే మందు కంటికి కనబడుతుంది, నాలుకకు చేదుగా తగులుతుంది. కిరణం కనబడదు, వినబడదు, నొప్పి పెట్టదు. అందుకే దాని మోతాదు సంగతి చాలాకాలం చాలామందికి తట్టలేదు.

ఈ యంత్రానికీ మన దేశానికీ సంబంధం ఉన్నది. అలన్ కార్మాక్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 1924లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టినాడు. 1956లో ఆయన కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, గ్రూట్ స్కూర్ ఆసుపత్రిలో కూడ కొంత సమయం పనిచేశాడు. అక్కడ క్యాన్సర్ రోగులకు కిరణాల చికిత్స చేస్తున్నారు. మనిషి శరీరం అంతా ఒక్కటే పదార్థం కాదు గదా. ఎముక కిరణాన్ని ఎక్కువగా ఆపుతుంది, ఊపిరితిత్తి తక్కువగా ఆపుతుంది. లోపల ఏది ఎంత ఆపుతుందో తెలియకుండా చికిత్స మోతాదు సరిగా లెక్కించడం ఎట్లా అని ఆయన ఆలోచించాడు. శరీరం చుట్టూ అనేక దిక్కులనుంచి కిరణాలు పంపి కొలిస్తే, ఆ కొలతలనుంచి గణితం ద్వారా లోపలి పటం గీయవచ్చునని కనిపెట్టి, 1963లోను 1964లోను వ్యాసాలు ప్రకటించాడు. అప్పట్లో వాటిని పట్టించుకున్నవారు తక్కువ.

ఇంగ్లండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు వేరుగా ఇదే మార్గాన పోయి యంత్రాన్ని నిర్మించాడు. 1971 అక్టోబరు 1వ తేదీన వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగి తలను స్కాన్ చేశారు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. కార్మాక్ పనిచేసిన రోజుల్లో ఆ కేప్‌టౌన్ ఆసుపత్రిలో వార్డులు కూడ రంగును బట్టి వేరుగా ఉండేవి. అక్కడ పుట్టిన ఆలోచన ఈనాడు అన్ని రంగుల బిడ్డలకూ ప్రాణం పోస్తున్నది. మోతాదు సరిగా లెక్కించాలన్న పట్టుదలనుంచే ఆ ఆలోచన పుట్టిందని కూడ గుర్తుంచుకోవాలి.

మామూలు ఎక్స్‌రేలో కిరణం ఒకవైపునుంచి ఒక్కసారి శరీరం గుండా పోతుంది. సి.టి.లో కిరణాల గొట్టం మనిషి చుట్టూ తిరుగుతుంది. బల్ల మెల్లగా లోపలికి జరుగుతుంది. అవతలి వైపున కొలిచే పరికరాలు ఎన్నెన్నో కొలతలు తీసుకుంటాయి. వాటిని కంప్యూటరు లెక్కకట్టి, రొట్టెను పలుచని ముక్కలుగా కోసి చూపినట్లు, శరీరం లోపలి భాగాలను పొరలు పొరలుగా చూపిస్తుంది. మెదడులో నెత్తురు గడ్డకట్టినా, పుర్రె చిట్లినా, లోపలి అవయవం చీలినా కొద్ది సెకన్లలో తీసిన స్కాన్‌లో తెలిసిపోతుంది. ఇంతటి మేలుకు ఖర్చుగా కిరణాలు కూడ ఎక్కువే పడతాయి.

ఎంత ఎక్కువ? కిరణాలవల్ల శరీరానికి కలిగే ప్రభావాన్ని మిల్లీసీవర్ట్ అనే కొలతలో చెబుతారు. నేలనుంచి, ఆకాశంనుంచి, పీల్చే గాలినుంచి, తినే ఆహారంనుంచి మనిషికి సహజంగా ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు చేరుతాయి. ఒక ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.02. ఒక తల సి.టి. స్కాన్‌కు సుమారు 2. అంటే ఒక తల స్కాన్ 100 ఛాతీ ఎక్స్‌రేలతో సమానం. అదే తల స్కాన్ మనం ఊరికే కూర్చున్నా పది నెలల్లో చేరే సహజ కిరణాలతో కూడ సమానం. రెండు మాటలూ నిజమే. మొదటిది ఒక్కటే వింటే భయం పుడుతుంది, రెండవది ఒక్కటే వింటే నిర్లక్ష్యం పుడుతుంది. రెండూ కలిపి వినాలి.

పిల్లల విషయంలో ప్రత్యేక జాగ్రత్త ఎందుకంటే మూడు కారణాలున్నవి. పెరిగే శరీరంలో కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి, అటువంటి కణాలకు కిరణాల దెబ్బ ఎక్కువగా తగులుతుంది. ఇది మొదటి కారణం. కిరణాలవల్ల క్యాన్సర్ వస్తే వెంటనే రాదు, ఏళ్ళు గడిచాక వస్తుంది. ఐదేళ్ళ బిడ్డ ముందు ఇంకా డెబ్బై ఎనభై ఏళ్ళ జీవితం ఉన్నది, డెబ్బై ఏళ్ళ తాతకు అంత లేదు. ఇది రెండవది. మూడవది అన్నిటికన్న ముఖ్యం. పెద్దవారి శరీరం మందంగా ఉండడంవల్ల కిరణంలో ఎక్కువ భాగం పైపొరల్లోనే ఆగిపోతుంది. చిన్నబిడ్డ సన్నని శరీరంలో అదే కిరణం లోపలి అవయవాలదాకా బలంగా చేరుతుంది. కాబట్టి యంత్రాన్ని పెద్దల అమరికలోనే ఉంచి బిడ్డను పడుకోబెడితే, పెద్దవారికి పడినదానికన్న బిడ్డకు ఎక్కువ మోతాదు పడుతుంది.

ఇది ఊహ కాదు. 2001లో అమెరికాలోని రేడియాలజీ పత్రికలో వెలువడిన వ్యాసాలు, అక్కడ అనేక చోట్ల పిల్లలకు స్కాన్ తీసేటప్పుడు వయస్సును బట్టి అమరికలు మార్చడం లేదని బయటపెట్టాయి. తండ్రి కొలతకు కుట్టిన చొక్కాను కొడుక్కి తొడిగినట్లయింది. ఆ సంగతి తెలిసిన డాక్టర్లు, రేడియోగ్రాఫర్లు, భౌతిక శాస్త్రజ్ఞులు ఏకమై 2008లో ‘ఇమేజ్ జెంట్లీ’ అనే ప్రచారం ప్రారంభించారు. పిల్లలకు మృదువుగా బొమ్మ తీయండి అని దాని పిలుపు. 2015లో ‘ఆఫ్రోసేఫ్’ పేరుతో మన ఆఫ్రికా ఖండంలోని రేడియాలజీవారు కూడ ఇటువంటి ఉద్యమమే మొదలుపెట్టారు.

అపాయం ఎంతటిదో కూడ లెక్కగా తెలుసుకుందాము. 2012లో బ్రిటన్‌నుంచి వచ్చిన పరిశోధన ప్రకారం, పదేళ్ళలోపు 10,000 మంది పిల్లలకు తల స్కాన్ తీస్తే, తరువాతి పదేళ్ళలో అదనంగా ఒకరికి రక్త క్యాన్సర్, ఒకరికి మెదడు కంతి రావచ్చును. 2023లో ఐరోపాలోని 9 దేశాలు కలిసి సుమారు 9,48,000 మందిని పరిశీలించి ఫలితాలు ప్రకటించాయి. ఈనాటి మోతాదులతో స్కాన్ తీసిన 10,000 మంది పిల్లల్లో, తరువాతి 12 ఏళ్ళలో ఒకరికో ఇద్దరికో ఆ కిరణాలవల్ల రక్త సంబంధమైన క్యాన్సర్ రావచ్చునని తేల్చాయి. అంటే ఒక బిడ్డకు అపాయం చాలా చిన్నది. కాని స్కాన్ తీసే పిల్లలు లోకంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. అవసరం లేని స్కాన్‌వల్ల ఒక్క బిడ్డకు హాని జరిగినా, ఆ బిడ్డ తల్లికి అది పదివేలలో ఒకటి కాదు.

అయితే ఈ అపాయం తగ్గించగలిగినది. 2013లో అమెరికాలో వెలువడిన ఒక లెక్క ప్రకారం, అన్నిటికన్న ఎక్కువ మోతాదు వాడుతున్న పై నాలుగవ వంతు స్కాన్‌లను మధ్యస్థ స్థాయికి దించితే చాలు, పిల్లల సి.టి.లవల్ల రాగల క్యాన్సర్లలో 43 శాతం నివారించవచ్చునట. కొత్త యంత్రం కొనవలసిన పని లేదు. ఉన్న యంత్రాన్ని బిడ్డకు తగినట్లు అమర్చితే చాలు.

ఎట్లా అమర్చుతారు? గొట్టంలో ప్రవహించే విద్యుత్తును మిల్లీయాంపియర్లలో కొలుస్తారు. అది కిరణాలు ఎన్ని వస్తాయో నిర్ణయిస్తుంది. దాన్ని సగం చేస్తే మోతాదు సగమవుతుంది. కిలోవోల్టులు కిరణాల బలాన్ని నిర్ణయిస్తాయి. పెద్దలకు సాధారణంగా 120 వాడే చోట, చిన్న శరీరానికి 100 గాని 80 గాని సరిపోవచ్చును. బిడ్డ వయస్సును మాత్రమే కాక, ఒంటి కొలతను చూసి వీటిని నిర్ణయించాలి. ఎందుకంటే ఒకే తరగతిలో ఒకే వయస్సు పిల్లలు ఎంత తేడాగా ఉంటారో బడిలో మేము రోజూ చూచినదే. బిడ్డను యంత్రానికి సరిగా నడిమధ్యన పడుకోబెట్టాలి. కడుపు చూడవలసి వస్తే కడుపువరకే తీయాలి, ఛాతీని కలుపరాదు. మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించిన తరువాత ఒకసారి అని రెండు మూడు సార్లు తీసే అలవాటు పిల్లల విషయంలో చాలావరకు అనవసరం, ఒక్కసారి చాలు. కొత్త యంత్రాలలో శరీర మందాన్ని బట్టి కిరణాలను తానే తగ్గించుకొనే ఏర్పాటు, తక్కువ కిరణాలతోనే స్పష్టమైన బొమ్మ కట్టే లెక్కల పద్ధతి కూడ ఉన్నవి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మోతాదు ఎంత తగ్గిస్తే అంత మంచిదని అనుకోరాదు. మరీ తగ్గిస్తే బొమ్మ ఇసుక చల్లినట్లు మసకబారుతుంది. డాక్టరుకు జవాబు దొరకదు, మళ్ళీ తీయవలసి వస్తుంది. అందంగా ఉండే బొమ్మ అక్కరలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే బొమ్మ చాలు. బిడ్డ కదిలినా మళ్ళీ తీయవలసి వస్తుంది గనుక, కదలకుండా చూడడం కూడ మోతాదు తగ్గించడమే. పసిబిడ్డకు పాలు పట్టి, దుప్పటిలో చుట్టి, నిద్రపుచ్చి తీసుకొని వెళ్ళడం మంచిది. మత్తు ఇవ్వవలసి ఉంటే మాత్రం పాలు ఎప్పుడు ఆపాలో ముందే అడగాలి. కాస్త పెద్ద పిల్లలకు జరగబోయేది ముందుగా కథలాగ చెప్పాలి.

స్కాన్ మోతాదు తగ్గించడానికి అన్నిటికన్న మేలైన దారి, అక్కరలేని స్కాన్ తీయించకపోవడం. పిల్లలకు ఎక్కువగా తీసేవి తల స్కాన్‌లు. అమెరికాలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన 42,412 మంది పిల్లలను గమనించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. వారందరూ స్పృహలో ఉన్నవారు, లేదా దాదాపు మామూలుగా ఉన్నవారు. వారిలో మూడవ వంతుకు పైగా పిల్లలకు సి.టి. తీశారు. మెదడుకు నిజంగా ముఖ్యమైన గాయం ఉన్నవారు మాత్రం 376 మంది, అంటే నూటికి ఒకరికన్న తక్కువ. రెండేళ్ళు దాటిన బిడ్డ తెలివిగా ఉండి, స్పృహ తప్పక, వాంతి చేసుకోక, తీవ్రమైన తలనొప్పి లేక, పుర్రె అడుగు భాగం చిట్లిన గుర్తులు లేక, దెబ్బ మరీ పెద్దది కాకపోతే, స్కాన్ అక్కరలేదని ఆ పరిశోధన నిర్ణయించింది. రెండేళ్ళలోపు బిడ్డలకు వేరే గుర్తులున్నవి, వారిలో తల్లి చెప్పే మాట కూడ ఒకటి. బిడ్డ ఎప్పటిలాగానే ఉన్నదా అని డాక్టరు అడిగితే, అది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు, పరీక్షలో భాగమే.

మేము చూచిన రెండు సంగతులు చెబుతాము. ఒక పిల్లవాడు బడి ఆటస్థలంలో ఇనుప నిచ్చెనమీదనుంచి పడ్డాడు. నుదుట బొప్పి కట్టింది, ఏడ్చాడు, తరువాత బిస్కట్టు తిన్నాడు. కాజువాల్టీలోని యువ డాక్టరమ్మ పరీక్షించి, కొన్ని గంటలు కనిపెట్టి ఉందామన్నది. తండ్రికి కోపం వచ్చింది. మెడికల్ ఎయిడ్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాము, స్కాన్ ఎందుకు తీయరు అని కేకలు వేశాడు. ఆమె ఓపికగా నిలబడింది. సాయంకాలానికి బిడ్డ ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. ఆ రోజు ఆ డాక్టరమ్మ చేసినది వైద్యమే. యంత్రం తిరిగితేనే వైద్యం జరిగినట్లు కాదు.

రెండవది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక ఆడపిల్లను రోడ్డుమీద టాక్సీ గుద్దింది. పిల్ల రెండుసార్లు వాంతి చేసుకొని మగతగా పడిపోయింది. డాక్టరు స్కాన్ అంటే, సెల్‌ఫోనులో ఎవరో పంపిన భయంకరమైన సందేశం చదివిన పినతండ్రి వద్దన్నాడు. క్యాన్సర్ వస్తుందట, ఇంటికి తీసుకొని పోదామన్నాడు. వాదనలో అరగంట పోయింది. చివరకు నాయనమ్మ గట్టిగా, “ముందు పిల్ల బ్రతకనీ నాయనా, తరువాతి సంగతి తరువాత” అన్నది. స్కాన్‌లో పుర్రెకు మెదడుకు మధ్య నెత్తురు కనబడింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఈనాడు ఆ అమ్మాయి హైస్కూలులో చదువుతున్నది. ఎన్నో ఏళ్ళ తరువాత పదివేలలో ఒకరికి రాగల జబ్బుకు భయపడి, ఈ రాత్రి పోగల ప్రాణాన్ని పణంగా పెట్టరాదు. స్పృహ తప్పడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, ఫిట్స్, పెరిగే మగత, చెవినుంచి గాని ముక్కునుంచి గాని నీరు, నెత్తురు కారడం. ఇవి కనబడితే తక్షణం ఆసుపత్రికి పరుగెత్తాలి. డాక్టరు స్కాన్ కావాలంటే అడ్డు చెప్పరాదు.

సి.టి.కి బదులు వేరే దారి కొన్ని చోట్ల ఉన్నది. కడుపు నొప్పితో అపెండిసైటిస్ అనుమానం వస్తే, పిల్లలకు ముందుగా అల్ట్రాసౌండ్ చూడాలి, అందులో ఈ కిరణాలు లేవు. మాడు పూడని పసిబిడ్డకు మాడుమీదనుంచే అల్ట్రాసౌండ్ ద్వారా మెదడును చూడవచ్చును. ఎం.ఆర్.ఐ.లో కూడ ఈ కిరణాలు ఉండవు. మన క్వాజులు-నాటల్‌లో క్షయ ఇంకా పోలేదు. క్షయ మెదడు పొరలకు సోకిన పిల్లల తలలో నీరు చేరి, గొట్టం అమర్చవలసి రావచ్చును. అటువంటి బిడ్డకు స్కాన్ ఒక్కసారితో పోదు, ఏళ్ళ తరబడి పదేపదే కావలసి వస్తుంది. ఆ బిడ్డ విషయంలోనే మోతాదు లెక్క అన్నిటికన్న ముఖ్యం. త్వరగా ముగిసే ఎం.ఆర్.ఐ. దొరికే చోట దాన్ని గురించి తప్పక అడగాలి.

మన దేశంలోనే పుట్టిన మరొక యంత్రం ఉన్నది. వజ్రాల గనులనుంచి ఎవరైనా వజ్రాలు దాచుకొని పోతున్నారేమో చూడడానికి డి బీర్స్ కంపెనీకోసం తక్కువ కిరణాల ఎక్స్‌రే యంత్రం తయారుచేశారు. రోజూ మనుషులను చూడాలి గనుక కిరణాలు బహు తక్కువగా ఉండవలసి వచ్చింది. అదే తరువాత ‘లోడాక్స్’ పేరుతో ఆసుపత్రులకు వచ్చింది. తలనుంచి పాదాలదాకా 13 సెకన్లలో బొమ్మ తీస్తుంది. కేప్‌టౌన్‌లోని రెడ్‌క్రాస్ పిల్లల ఆసుపత్రిలో గాయపడిన పిల్లలకు దాన్ని వాడారు. అది సి.టి. చేసే పని అంతా చేయదు. కాని ఎక్కడెక్కడ ఎముకలు విరిగాయో ముందుగా చూపించి, సి.టి.ని కావలసిన చోటికే పరిమితం చేయడానికి ఉపకరిస్తుంది.

ఇళ్ళలో వినబడే కొన్ని సందేహాలకు కూడ జవాబు చెప్పుకుందాము. స్కాన్ తీసిన బిడ్డ ఒంట్లో కిరణాలు నిలిచి ఉంటాయా? ఉండవు. దీపం ఆర్పితే వెలుగు పోయినట్లే, యంత్రం ఆపగానే కిరణాలు పోతాయి. బిడ్డను ఎత్తుకోవచ్చును, ముద్దుపెట్టుకోవచ్చును. బిడ్డకు సీసం కవచం కప్పమని పట్టుబట్టాలా? అక్కరలేదు. తానే కిరణాలను సరిచూసుకొనే యంత్రం ఆ కవచాన్ని మందమైన శరీరం అనుకొని, కిరణాలు ఇంకా పెంచవచ్చును. ఆ సంగతి రేడియోగ్రాఫరుకు వదలిపెట్టాలి. బిడ్డ దగ్గర నిలబడే పెద్దవారికి మాత్రం కవచం ఇస్తారు. తల్లి గర్భవతి అయితే ఆమె బయట ఉండి, తండ్రినో మేనత్తనో లోపలికి పంపాలి.

ఇక ప్రాణాపాయపు తొందర లేనప్పుడు డాక్టరును మర్యాదగా అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ స్కాన్‌వల్ల బిడ్డ చికిత్సలో ఏమి మారుతుంది? కిరణాలు లేని పరీక్షతో గాని, కాసేపు కనిపెట్టి ఉండడంతో గాని ఈ పని జరుగుతుందా? యంత్రాన్ని మా బిడ్డ కొలతకు అమర్చుతారా, కావలసిన భాగం వరకే, ఒక్కసారే తీస్తారా? ఇదివరకు తీసిన స్కాన్ మా దగ్గర ఉన్నది, దానితో సరిపోతుందా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. తన పనిని శ్రద్ధగా గమనించే తల్లిదండ్రులను చూసి సంతోషిస్తాడు.

నాల్గవ ప్రశ్న అడగాలంటే కాగితాలు మన దగ్గర ఉండాలి. ఒక ఆసుపత్రిలో తీసిన స్కాన్ మరొక ఆసుపత్రికి తెలియక, అదే వారంలో మళ్ళీ తీసిన సందర్భాలున్నవి. కాబట్టి స్కాన్ తీయించిన ప్రతిసారి రిపోర్టు, డిస్కు అడిగి తెచ్చుకోవాలి. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ క్లినిక్కులో ఇచ్చే ‘రోడ్ టు హెల్త్’ పుస్తకం మీ అందరి ఇళ్ళలో ఉన్నది. అందులో టీకాల తేదీలు వ్రాసినట్లే, ఎక్స్‌రే, స్కాన్ తీసిన తేదీ, ఏ భాగానికి తీశారు, ఎక్కడ తీశారు అన్నవి ఒక పేజీలో వ్రాసి ఉంచండి. తెలుగులో వ్రాయగలవారు తెలుగులోను, డాక్టరుకోసం ఇంగ్లీషులోను వ్రాయండి. ఇంట్లో పెద్ద పిల్లలకు ఈ పని అప్పగించితే వారికి కాస్త తెలుగు వ్రాత కూడ అలవాటవుతుంది.

కావలసిన స్కాన్‌ను భయపడి మానవద్దు, అక్కరలేనిదాన్ని గొప్పకోసం అడగవద్దు. తీయించేది పసిబిడ్డ మోతాదులోనే తీయించండి. ఇంతే మా మనవి. ఈరోజు ఇంటికి వెళ్ళగానే ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో వెదకి బయట పెట్టవలసిందిగా కోరుతున్నాము.